దారం తెగితే మగ్గం ఆగాలి

మన ఇళ్ళల్లో బియ్యం అడుగంటితే "అయిపోయాయి" అనరు; "నిండుకున్నాయి" అంటారు. ఖాళీ అన్న మాటే మనకు అశుభం. అటువంటి యింట పుట్టి, పాతికేళ్ళపాటు ఒక చిన్న ఫ్యాక్టరీలో స్టోరు కీపరుగా తాళాల గుత్తి మోసిన వాణ్ణి నేను. గోదాము పైకప్పు దాకా నిండితే మా యజమానిగారికి ఆ పూట నిద్ర బాగా పట్టేది. "గోదాము నిండిందంటే ఎక్కడో జబ్బు దాగి వున్నట్టే" అని జపాను వారు అంటారని విన్నప్పుడు, ఇదేమి విడ్డూరమని ఆ సంగతి తవ్వటం మొదలుపెట్టాను.

తీరా చూస్తే, మోటారు కార్లకు సంబంధించిన యీ కథ ఒక మగ్గం దగ్గర మొదలయింది!

సకీచి తొయోదా 1867లో ఒక వడ్రంగి యింట పుట్టాడు. మగ్గం పని సులువు చేయాలన్న పట్టుదలతో 1891లో చెక్క మగ్గానికి మొదటి పేటెంటు తెచ్చుకున్నాడు. 1924 నాటికి ఆయన తయారుచేసిన మరమగ్గానికి ఒక విశేషం వుంది. దారం తెగితే అది తనంతట తానే ఆగిపోతుంది. ఇందులో యేముందంటారా? అంతకుముందు, దారం తెగినా మగ్గం తన పాటికి తాను నేస్తూనే పోయేది. ఎవరో చూసేలోగా బోలెడు గుడ్డ పాడయ్యేది. అంచేత మగ్గాల పక్కన మనుషులు కళ్ళప్పగించి నిలబడాల్సి వచ్చేది. ఇప్పుడు ఒక్క మనిషి ఎన్నో మగ్గాలను చూసుకోవచ్చు. నేతకు పేరు మోసిన ఇంగ్లండులోని ప్లాట్ బ్రదర్స్ వారే 1929లో ఆ హక్కులు కొనుక్కున్నారు.

ఆయన కుమారుడు కీచిరో 1937లో మోటారు కంపెనీ పెట్టాడు. అదే టయోటా. యుద్ధం ముగిసేసరికి జపాను చితికిపోయింది. 1950లో కంపెనీ దివాలా అంచుకు వచ్చింది. సమ్మె జరిగింది. దాదాపు రెండువేలమంది పని వదులుకోవలసి వచ్చింది. కీచిరో కూడా అధ్యక్ష పదవి వదులుకున్నాడు.

అమెరికావారి పద్ధతి వేరు. ఒకే రకం వస్తువును లక్షల కొద్దీ చేసి గుట్టలు పోసేవారు. జపానులో కొనేవారు కొద్దిమంది, కావలసిన రకాలేమో అనేకం. గుట్టలు పోయటానికి డబ్బేదీ? అప్పుడు తాయిచి ఓనో అనే ఇంజనీరు, కీచిరో నాటిన ఆలోచనకే నీళ్ళు పోసి పెంచాడు. కావలసిన వస్తువు, కావలసినప్పుడు, కావలసినంతే! ఇదీ సూత్రం.

దీనికి ఆయన చూపిన ఉపమానం అమెరికాలోని సూపర్ మార్కెట్టు. కొనేవాడు అరలోంచి నాలుగు డబ్బాలు తీసుకుంటే, కొట్టువాడు మళ్ళీ ఆ నాలుగే తెచ్చి పెడతాడు. ఫ్యాక్టరీలోనూ అంతే. తర్వాతి పనివాడు ముందువాడి దగ్గరకు వెళ్ళి తనకు కావలసినన్ని భాగాలు తెచ్చుకుంటాడు. వాటితోపాటు వుండే చీటీ వెనక్కు వెళుతుంది. చీటీ వస్తేనే కొత్తవి చేయాలి. ఆ చీటీ పేరే కాన్‌బాన్.

దండుగ ఖర్చును వారు 'ముదా' అంటారు. ఓనో వాటిని ఏడుగా లెక్క కట్టాడు: అక్కరకు మించి తయారు చేయటం, ఊరికే ఎదురు చూడటం, సరుకును అటూ ఇటూ మోయటం, అవసరం లేని చాకిరీ, నిల్వలు, మనిషి వృథాగా కదలటం, చెడిపోయిన వస్తువులు. వీటిలో మొదటిదే అన్నిటికీ తల్లి అన్నాడాయన.

కాని కొద్దికొద్దిగా చేయాలంటే అచ్చులు మాటిమాటికీ మార్చాలి గదా! వెయ్యి టన్నుల ప్రెస్సుకు అచ్చు మార్చటానికి నాలుగు గంటలు పట్టేది. షిగియో షింగో అనే నిపుణుడి సాయంతో, 1970 ప్రాంతానికి దాన్ని మూడు నిమిషాలకు దించారు. యంత్రం ఆగకముందే చేయదగ్గ పనులన్నీ ముందుగా చేసి పెట్టుకోవటమే కిటుకు.

మగ్గం నేర్పిన పాఠాన్నీ వారు మరచిపోలేదు. తప్పు కనబడితే ఏ కూలివాడైనా తాడు లాగి కార్ల వరుసను ఆపించవచ్చు. ఆపాక "ఎవడు చేశాడు?" అని కాదు, "ఎందుకయింది?" అని అయిదుసార్లు అడగాలి. యంత్రం ఎందుకు ఆగింది? భారం ఎక్కువై ఫ్యూజు పోయింది. ఎందుకని? బేరింగుకు నూనె చాలలేదు. ఎందుకని? పంపు సరిగా తోడటం లేదు. ఎందుకని? దాని ఇరుసు అరిగింది. ఎందుకని? జల్లెడ లేక ఇనుప రజను లోపలికి పోయింది. ఫ్యూజు మార్చి వూరుకుంటే మళ్ళీ ఆగేదే. మందు జల్లెడ.

కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ అనే చోట జనరల్ మోటార్స్ వారి ఫ్యాక్టరీ 1982లో మూతపడింది. 1984లో టయోటా వారితో కలిసి దాన్ని తిరిగి తెరిచారు. పనివారిలో ఎక్కువమంది పాతవారే. పద్ధతి మారేసరికి, నాసిరకానికి పేరుపడ్డ చోటనే మేలైన కార్లు వచ్చాయి. ఆ తర్వాత 1988లో జాన్ క్రాఫ్‌సిక్ దీనికి 'లీన్' అని పేరు పెట్టాడు. అంటే కొవ్వు లేనిది.

ఈ పేరే కొంత చిక్కు తెచ్చిపెట్టింది. కొవ్వు కరిగించమంటే కండ కోసే మహానుభావులు బయలుదేరారు! నేను పనిచేసిన చోట ఇద్దరు హమాలీలను మాన్పించి, దానికి జపాను పద్ధతి అని పేరు పెట్టారు. గోదాములో సరుకు మాత్రం వీసమెత్తు తగ్గలేదు. ఆ ఇద్దరిలో ఒకడు జీతం లెక్క తీసుకుంటూ, "నేను దండుగ సరుకునా బాబూ?" అని అడిగాడు. జవాబు చెప్పగలవారు ఆ గదిలో ఎవరూ లేరు. జపానులోనూ అంతా పూలపాన్పు కాదు. సతోషి కమతా అనే రచయిత 1972లో టయోటాలో తాత్కాలిక కూలీగా చేరి, బెల్టు వేగానికి మనిషి ఎలా నలిగిపోతాడో ఒక పుస్తకంలో రాశాడు.

నేను యిదంతా యింట్లో చెబితే మా ఆవిడ నవ్వి, "మరి ఆవకాయ సంగతేమిటండీ? రోజుకో కాయ తెచ్చి పెట్టమంటారా?" అంది. మంచి ప్రశ్న! 1997 ఫిబ్రవరి 1న బ్రేకు భాగం చేసే ఐసిన్ వారి ఫ్యాక్టరీ తగలబడితే, నిల్వలు లేక టయోటా ఫ్యాక్టరీలు ఇంచుమించు అన్నీ ఆగాయి. తక్కిన సరఫరాదారులు తలో చేయి వేసి కొద్దిరోజుల్లో గట్టెక్కించారు. 2011 భూకంపం తర్వాత కంప్యూటర్ చిప్పుల వంటివి మాత్రం కొన్ని నెలలకు సరిపడా వుంచమన్నారు. ఏడాదికొకసారి కాసే కాయకు జాడీ వుండాల్సిందే. వీధి చివర రోజూ దొరికే కొత్తిమీరకు జాడీ ఎందుకు? ఏది ఏదో తెలుసుకోవటమే గృహిణి నేర్పు, ఫ్యాక్టరీ నేర్పూను.

నన్ను అడిగితే, చీటీలూ లెక్కలూ ఎవరైనా నేర్చుకోవచ్చు. కష్టమైనది ఆ తాడు. "అయ్యా, ఇక్కడ తప్పు జరుగుతోంది" అన్న కుర్రవాణ్ణి మన ఆఫీసుల్లోనూ, ఇళ్ళల్లోనూ కసిరి కూర్చోబెడతాం. అలా కసిరినంతకాలం తాడు కట్టీ ప్రయోజనం లేదు. దాన్ని లాగటానికి ఎవరికీ చెయ్యి రాదు.