ఊరు మారింది, చిరునామా ఇంకా పాతదే

జంషెడ్‌పూర్ వెళ్లాలంటే రైలు టికెట్ టాటానగర్‌కు కొనాలి. 1919లో వైస్రాయ్ లార్డ్ చెమ్స్‌ఫర్డ్ ఆ ఊరికి జంషెడ్‌జీ టాటా పేరు పెట్టకముందు అది సాక్చి. స్టేషన్ పేరు కాలీమాటి. వందేళ్లు దాటినా సాక్చి బజారు అక్కడే ఉంది. ఏ పేరు ఎక్కడికి దారితీస్తుందో కొత్తవాళ్లు ఎవరినో ఒకరిని అడగక తప్పదు. ఇంటర్నెట్‌లో అలా అడిగితే చెప్పే వ్యవస్థే డీఎన్‌ఎస్. 1983లో పాల్ మొకాపెట్రిస్ దీన్ని రూపొందించారు.

ఆ ఊరి ఎన్‌ఐటీ వెబ్‌సైట్ పేరు ఎన్‌ఐటీజేఎస్‌ఆర్ డాట్ ఏసీ డాట్ ఇన్. మనం ఎడమ నుంచి చదువుతాం, డీఎన్‌ఎస్ కుడి నుంచి వెతుకుతుంది. మన ఫోన్ తరఫున వెతికేది రిజాల్వర్ అనే సర్వర్. అది మొదట రూట్ సర్వర్‌ను అడుగుతుంది. రూట్‌కు ఐపీ చిరునామా తెలియదు, 'ఇన్' సర్వర్లు ఎక్కడున్నాయో మాత్రం చెబుతుంది. అలా అంచెలంచెలుగా వెళ్తే ఆ పేరుకు బాధ్యత వహించే నేమ్ సర్వర్ దొరుకుతుంది. అసలు జవాబు దాని దగ్గరే ఉంటుంది.

ప్రతిసారీ ఇంత దూరం తిరగకుండా రిజాల్వర్ జవాబును కొంతకాలం గుర్తుంచుకుంటుంది. ఎంతకాలమో టీటీఎల్ అనే అంకె చెబుతుంది. 86,400 సెకన్లంటే ఒక రోజు. చిక్కు వచ్చేది ఇక్కడే. దరఖాస్తుల చివరి రోజున ఒక కాలేజీ తన వెబ్‌సైట్‌ను కొత్త సర్వర్‌కు మార్చిందనుకోండి. హాస్టల్ వైఫైలో పేజీ తెరుచుకుంటుంది, మొబైల్ డేటాలో తెరుచుకోదు. గడువు మాత్రం ఇద్దరు విద్యార్థులకూ ఒకటే. ఇక్కడ సర్వర్‌ను ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా ఒరిగేదేమీ లేదు.

అనుభవమున్న అడ్మిన్ 'డిగ్' అనే కమాండ్‌తో ముందు అసలు నేమ్ సర్వర్‌నే నేరుగా అడుగుతాడు, తర్వాత రిజాల్వర్‌ను. మొదటిది కొత్త చిరునామా, రెండోది పాతది చెబితే లోపమేమీ లేదు, టీటీఎల్ తీరాలంతే. ప్రధాన నేమ్ సర్వర్ ఒకటి, దానికి తోడున్న రెండోది మరొకటి చెబితే మాత్రం అనుమానం సీరియల్ నంబర్ మీదికి వెళ్తుంది. జోన్ ఫైల్‌ను సవరించి ఆ నంబర్ పెంచడం మరిచిపోతే, మార్పేమీ లేదనుకుని రెండో సర్వర్ పాత ప్రతితోనే ఉండిపోతుంది. చాలా చిన్న పొరపాటే, కానీ పూటంతా తినేస్తుంది.

ఇంకో తమాషా ఉంది. పేరును నమోదు చేయకముందే ఆత్రంగా తెరిచి చూస్తే 'అలాంటి పేరు లేదు' అన్న జవాబునూ రిజాల్వర్ దాచుకుంటుంది. తర్వాత నమోదు చేసినా కాసేపు లేదనే అంటుంది.

పెద్ద సంస్థలకూ ఇది తప్పలేదు. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, వాట్సాప్ దాదాపు ఆరు గంటలు ఆగిపోయాయి. వాటి నేమ్ సర్వర్లు పనిచేస్తూనే ఉన్నాయి. నిర్వహణ పనిలో జరిగిన పొరపాటు వల్ల వాటిని చేరే దారులే ఇంటర్నెట్ పటం నుంచి తొలగిపోయాయి.

అందుకే సర్వర్ మార్చే ముందు అడ్మిన్లు కనీసం పాత టీటీఎల్ అంతసేపు ముందుగానే దాన్ని 300 సెకన్లకు తగ్గిస్తారు. మార్చిన తర్వాత తగ్గిస్తే ఆ కబురు పాత జవాబును పట్టుకున్న రిజాల్వర్లకు ఎలాగూ చేరదు.