కైరోకి లీగు దక్కింది, హైదరాబాద్‌కి కప్పులు మిగిలాయి

1950 నుంచి 1954 దాకా బొంబాయి రోవర్స్ ఫుట్‌బాల్ కప్పును వరసగా ఐదేళ్లు ఒకే జట్టు ఎగరేసుకుపోయింది. అది కలకత్తా జట్టు కాదు, మన హైదరాబాద్ సిటీ పోలీస్. అదే కాలంలో ఆఫ్రికాలో, కైరో నగరంలో, అల్ అహ్లీ అనే క్లబ్బు కూడా ఎదురు లేకుండా ఆడుతోంది. ఈజిప్టు జాతీయ లీగు 1948-49లో మొదలైంది. పూర్తిగా జరిగిన తొలి తొమ్మిది సీజన్లలోనూ అల్ అహ్లీయే ఛాంపియన్.

ఆ తర్వాత రెండు జట్ల దారులూ విడిపోయాయి. అల్ అహ్లీకి ఇవాళ 40కి పైగా లీగు టైటిళ్లున్నాయి, ఆఫ్రికా ఛాంపియన్స్ లీగును 12 సార్లు గెలిచింది. హైదరాబాద్ పోలీస్ జట్టు పాత ఫొటోల్లో మిగిలింది. విజయవాడ వన్ టౌన్‌లో ఫోన్‌లో ఫుట్‌బాల్ చూసే కుర్రాడికి ఈజిప్టు ఆటగాడు మొహమ్మద్ సలా తెలుసు. పోలీస్ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం పేరు మాత్రం ‘మైదాన్’ సినిమా వచ్చేదాకా చాలామంది వినలేదు.

రహీం మామూలు మనిషి కాదు. వృత్తికి బడిపంతులు. ఆయన శిక్షణలో భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. మెల్‌బోర్న్ జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం లాంటి హైదరాబాదీలున్నారు. మరి అంత ఆట ఎక్కడికి పోయింది?

జవాబులో సగం లీగుకూ కప్పుకూ ఉన్న తేడాలో ఉంది. కప్పు టోర్నీలో ఓడితే ఇంటికి రావడమే, నాలుగు వారాల్లో అంతా అయిపోతుంది. లీగులో ప్రతి జట్టూ మిగతా జట్లన్నిటితో ఆడుతుంది, సాధారణంగా సొంత ఊళ్లో ఒకసారి, వాళ్ల ఊళ్లో ఒకసారి. గెలుపుకి మూడు పాయింట్లు, డ్రాకి ఒకటి. నెలల తరబడి ఆట ఉంటుంది కాబట్టి ఆటగాడికి జీతం, అభిమానికి అలవాటు, క్లబ్బుకి టికెట్ల రాబడి కుదురుతాయి. మన డెల్టా రైతు భాషలో చెప్పాలంటే కప్పు వాన, లీగు కాలవ నీరు. వంతు ప్రకారం వస్తుంది, నమ్ముకుని నారు పోసుకోవచ్చు.

మన దేశానికి జాతీయ లీగు 1996-97లో గానీ రాలేదు. అప్పటిదాకా నికరమైన సీజన్, పెద్ద క్లబ్బు, నిండిన గ్యాలరీ కావాలంటే దారి కలకత్తాకే. బలరాం 1957లో అక్కడి ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకి వెళ్లిపోయాడు. 1963లో రహీం కన్నుమూశారు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తర్వాత ఆ వెలుగు తగ్గుతూ వచ్చింది.

ఈజిప్టు లీగుకీ కష్టాలు తప్పలేదు. 2012 ఫిబ్రవరి 1న పోర్ట్ సయీద్‌లో అల్ మస్రీ, అల్ అహ్లీ మ్యాచ్ ముగియగానే చెలరేగిన హింసలో 70 మందికి పైగా చనిపోయారు. ఆ సీజన్ రద్దయింది. అప్పుడు కైరో క్లబ్బు అల్ మొకావ్లూన్‌కి ఆడుతున్న సలా ఆ ఏడాదే స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌కి వెళ్లాడు. అంత ఘోరం తర్వాత కూడా లీగు మళ్లీ నిలబడింది. ఎందుకంటే దాని వెనక దశాబ్దాల నాటి క్లబ్బులున్నాయి, వాటిని ఇంటిపేరులా మోసే జనం ఉన్నారు.

తెలుగు నేలకి రెండో అవకాశం 2019లో వచ్చింది. పుణె సిటీ క్లబ్బు మూతపడ్డాక ఆ స్థానంలో హైదరాబాద్ ఎఫ్.సి. దేశపు అగ్ర లీగైన ఇండియన్ సూపర్ లీగులోకి అడుగుపెట్టింది. గచ్చిబౌలిలోని జి.ఎం.సి. బాలయోగి స్టేడియం సొంత మైదానమైంది. తొలి సీజన్‌లో అట్టడుగున నిలిచిన జట్టు, మూడో సీజన్‌లో స్పెయిన్ కోచ్ మనోలో మార్క్వెజ్ చేతిలో ఛాంపియన్ అయింది. 2002 ప్రపంచ కప్‌లో నైజీరియాకి ఆడిన బార్తొలొమ్యూ ఒగ్బెచే ఆ సీజన్‌లో 18 గోల్స్ కొట్టాడు.

ఛాంపియన్ ఎవరో తేల్చిన 2022 మార్చి 20 నాటి ఫైనల్ మర్చిపోలేనిది. గోవాలోని ఫతోర్డా స్టేడియం కేరళ బ్లాస్టర్స్ అభిమానుల పసుపు రంగుతో నిండిపోయింది. 68వ నిమిషంలో కేరళ గోల్ కొట్టింది. ఇక అయిపోయిందనుకున్న వేళ, 88వ నిమిషంలో మన సాహిల్ తవోరా బాక్సు బయటి నుంచి కొట్టిన బంతి వలలో పడింది. పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి ముగ్గురి కిక్కులు ఆపాడు. 3-1తో కప్పు మనదైంది.

కానీ కొవిడ్ వల్ల ఆ సీజన్, దానికి ముందు సీజన్ మ్యాచ్‌లన్నీ గోవాలోనే జరిగాయి. జట్టు ఎదిగిన ఆ రెండేళ్లూ గచ్చిబౌలిలో ఒక్క మ్యాచ్ లేదు. క్లబ్బుకీ ఊరికీ బంధం ముడిపడాల్సిన కాలం అలా దూరంగా గడిచిపోయింది. 2023-24 నాటికి డబ్బు ఇబ్బందులు ముదిరాయి. బకాయిల వల్ల కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం పడింది, విదేశీ ఆటగాళ్లు వెళ్లిపోయారు. ఆ సీజన్ మొత్తంలో ఒకే ఒక్క గెలుపు. 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుంది. ఇప్పుడు విజయవాడ నుంచి సూపర్ లీగు క్లబ్బు ఉన్న ఊరికి వెళ్లాలంటే చెన్నై రైలెక్కాలి.

తెలుగు నేలకి మిగిలిన ఆశ శ్రీనిధి డెక్కన్ క్లబ్బు. రెండో అంచె అయిన ఐ-లీగులో 2022-23, 2023-24 సీజన్లలో వరసగా రెండో స్థానం సాధించింది. పై మెట్టుకి దారి మొదటి స్థానానికే కాబట్టి ఓసారి పంజాబ్, మరోసారి మహమ్మడన్ స్పోర్టింగ్ పైకి వెళ్లాయి. ఈలోగా నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య ఈస్ట్ బెంగాల్ జెర్సీలో 2024-25 మహిళల లీగు గెలిచింది. బలరాం వెళ్లిన క్లబ్బే అది. జిల్లాల్లో ఏటా తప్పకుండా జరిగే లీగులు, వాటిలోంచి ఎదిగే ఊరి క్లబ్బులు ఉంటేనే తర్వాతి సౌమ్య ఇక్కడే ఆడగలుగుతుంది. ఆ పని మొదలుపెట్టాల్సింది రాష్ట్ర ఫుట్‌బాల్ సంఘాలే, మున్సిపల్ మైదానాల్లోనే.