జీడితొక్క నూనెలో మడ్డి దిగుట: రేణువుల గుమికూడిక

పలాస–కాశీబుగ్గ పరిశ్రమలలో జీడిపప్పు తీయగా మిగిలిన తొక్క బరువులో సుమారు నాలుగోవంతు నూనె ఉంటుంది. ఎక్స్‌పెల్లర్‌లో పిండినప్పుడు నూనెతో పాటు తొక్కపొడి, తేమ కూడా దిగుతాయి. శుద్ధమైన నూనెలో టోలీన్‌లో కరగని పదార్థం 1 శాతానికి మించరాదని ఐ.ఎస్. 840 ప్రమాణం. మూలపేటలో ఓడరేవు నిర్మాణమవుతున్న ఈ తరుణంలో దూరపు కొనుగోలుదారు కోరే నాణ్యత ఉద్దానం ప్రాంతపు చిన్న పరిశ్రమలకూ ముఖ్యమే.

మడ్డి త్వరగా దిగకపోవడానికి మొదటి కారణం నూనె స్నిగ్ధత. అది 550 సెంటీపాయిజులనీ, రేణువు సాంద్రత నూనె కంటే ఘనపు సెంటీమీటరుకు 0.45 గ్రాములు అధికమనీ భావిస్తే, స్టోక్స్ సూత్రం ప్రకారం 10 మైక్రాన్ల రేణువు రోజుకు దాదాపు 4 మిల్లీమీటర్లే దిగుతుంది. మీటరు లోతు తొట్టిలో అడుగు చేరడానికి ఎనిమిది నెలలు దాటుతుంది! స్నిగ్ధత పదోవంతుకు తగ్గితే వేగం పది రెట్లు. వ్యాసం పది రెట్లయితే వేగం వంద రెట్లు. కనుక రేణువులు ముద్దకట్టడమే ఎక్కువ లాభం. అయితే ముద్దల నడుమ నూనె చిక్కుకొని సాంద్రతా భేదం తగ్గుతుంది గనుక వాస్తవంలో అంత వేగం రాదు.

ద్రావకం కలిపితే సరిపోదా? కెనడాలోని ఆల్బర్టాలో బిటుమెన్‌కు పెంటేన్, హెక్సేన్ వంటివి తగినంత కలిపినప్పుడు అస్ఫాల్టీన్లు కరగక విడివడి, బంకమట్టి రేణువులనూ నీటిబొట్లనూ కట్టగట్టుకొని దిగుతాయి. టోలీన్‌లో అవి కరిగే ఉంటాయి గనుక నూనె పలుచబడినా ఆ కట్ట ఏర్పడదు. జీడితొక్క నూనెలో అస్ఫాల్టీన్లు లేవు. ఇక్కడ కిరోసిన్ ప్రధానంగా నూనెను పలుచన చేస్తుంది. ఆపై దానిని తిరిగి వేరుచేసే ఖర్చు, అగ్నిభయం అదనం.

చిన్న పరిశ్రమకు వేడియే మేలు. 60–70 డిగ్రీల సెల్సియస్‌లో నూనె పలుచబడుతుంది. అంతకు మించి బాగా కాచినచో అనకార్డిక్ ఆమ్లం నుండి కార్బన్ డయాక్సైడు వెలువడి, ఆ బుడగలు మడ్డిని తిరిగి పైకి లేపుతాయి. అతిగా కాచిన నూనె పాలిమరై చిక్కబడుతుంది కూడా. అందువల్ల ఆ కాచు పని ఉన్నచో ముందే ముగించి, నురగ అణగిన పిమ్మట తేరనివ్వాలి. తేరుతున్న తొట్టిని కలియబెట్టరాదు. కట్టిన ముద్దలు విరుగుతాయి. తేటనూనెను అడుగుకు కొంత ఎత్తున అమర్చిన పక్క కుళాయి నుండి తీయాలి.