పండు ఈగకు ముక్కు ఎక్కడుంది? మామిడిలో పురుగు వెనుక జన్యువుల సంగతి

మొన్న వరంగల్‌లో రెండు కిలోల బంగినపల్లి కొన్నా. పైకి మచ్చ లేదు. కోస్తే లోపల తెల్ల పురుగులు! "మందు సరిగ్గా కొట్టలేదేమో" అన్నారు ఇంట్లో. అసలు సంగతి వేరే ఉంది.

ఇది పండు ఈగ పని. ఆడ ఈగ పక్వానికొచ్చే కాయ తొక్క కింద సూదిలాంటి గొట్టంతో గుడ్లు పెడుతుంది. పిల్లలు లోపలే గుజ్జు తింటాయి. మరి పైన కొట్టిన మందు వాటికేం తగులుతుంది చెప్పండి? 2014 మేలో యూరోపియన్ యూనియన్ మన మామిడిని ఆపేసింది కూడా ఈ ఈగల వల్లే. 2015 మొదట్లో గానీ ఆ నిషేధం ఎత్తెయ్యలేదు.

మామిడి తోటల్లో చెట్లకు ప్లాస్టిక్ డబ్బాలు వేలాడటం చూసే ఉంటారు. అందులో మిథైల్ యూజినాల్, పురుగుమందు కలిపి నానబెట్టిన చెక్కముక్క ఉంటుంది. ఈ వాసన సంగతి బయటపడింది మన దేశంలోనే. బీహార్‌లోని పూసాలో హౌలెట్ అనే శాస్త్రవేత్త, సిట్రొనెల్లా నూనెకు మగ ఈగలు ముసురుతున్నాయని 1912లో రాశాడు. తర్వాత 1915లో, అసలు లాగేది మిథైల్ యూజినాల్ అని చెప్పాడు. మన తులసిలో కూడా అది ఉంటుంది, తెలుసా?

ఈగకు మనలా ముక్కు ఉండదు. వాసన పట్టేది ముఖ్యంగా మీసాలే. వాటి మీద సన్నని వెంట్రుకలు, వాటిలో నరాల కణాలు. ఏ కణం ఏ వాసనకు స్పందించాలో, దాని మీదున్న ప్రోటీన్‌ను బట్టి ఉంటుంది. ఆ ప్రోటీన్‌ను తయారుచేసేది ఒక జన్యువు. మిథైల్ యూజినాల్ విషయంలో ఓఆర్88ఎ అనే జన్యువు ముఖ్యం. ల్యాబ్‌లో దాని పని తగ్గిస్తే మగ ఈగలకు ఆ వాసన మీద మోజు తగ్గింది. ఓఆర్88ఎ ఒక్కటే పనిచెయ్యదు, ఆర్కో అనే జోడీ కావాలి. ఆర్కోను చెరిపేస్తే ఇదొక్కటే కాదు, ఇంకా చాలా వాసనలు పట్టడం పోతుంది.

మగవాటికే ఎందుకంత పిచ్చి అంటారా? అవి ఆ పదార్థాన్ని తిని, ఆడ ఈగలను లాగే వాసనగా మార్చుకుంటాయి. మన భాషలో సెంటు కొట్టుకోవడమే!

చిక్కు ఇక్కడే ఉంది. డబ్బాలో పడేది మగవే. ఒక్క మగ ఈగ చాలా ఆడవాటితో కలవగలదు కాబట్టి, సగం మగవి పోయినా గుడ్లు ఆగవు. అందుకే కాయ ముదరకముందే, పక్క తోటవాళ్లతో కలిసి పెట్టాలి. ఇంకోటి కూడా ఉంది. ఈ వాసనకు రాని మగ ఈగలనే ఏరి తరతరాలుగా పెంచితే, వాటి సంతానంలోనూ రానివి పెరిగాయని 1990లలో హవాయిలో చేసిన పరిశోధనలో తేలింది. అంటే డబ్బా మీదే పూర్తిగా ఆధారపడితే, డబ్బాకు చిక్కని ఈగలే మిగలొచ్చు.

అందుకే రాలిన కాయలను చెట్టు కింద వదలకండి. లోపలి పురుగులు మట్టిలోకి దిగేలోపే ఏరి, లోతుగా పాతిపెట్టండి. అందులో ఆడ ఈగలు కూడా పోతాయి.