కొట్టు కట్టేశాక...

ఫోన్ తెరిస్తే చాలు, ఈమధ్య ఒకే తరహా ప్రకటన ఎదురవుతోంది. నెరిసిన జుట్టు, ఇస్త్రీ చొక్కా, చేతిలో కాఫీ కప్పు, వెనకాల మంచు కొండలు. ‘నెలకు 5 వేలు కట్టండి, రిటైరయ్యాక నెలకు లక్ష అందుకోండి’ అని పెద్ద అక్షరాలు. ‘సొంతంగా పనిచేసుకునేవారికి ప్రత్యేకం’ అని ఇంకో వరస. అన్నిటికంటే కింద, చీమ తలకాయంత అక్షరాల్లో ‘షరతులు వర్తిస్తాయి’.

ఆ లెక్కను ఒకసారి విప్పి చూడాలి. ముప్ఫై ఏళ్ల మనిషి అరవై దాకా నెలకు 5 వేల చొప్పున కడితే జేబులోంచి పోయేది 18 లక్షలు. అది ముప్ఫై ఏళ్లూ ఏటా 12 శాతం చొప్పున పెరిగితే సుమారు కోటీ డెబ్భై అయిదు లక్షలవుతుంది. ఆ మొత్తమంతా పెట్టి యాన్యుటీ (బతికినంత కాలం నెలనెలా సొమ్మిచ్చే బీమా పథకం) కొంటే, ఆరేడు శాతం లెక్కన, నెలకు లక్షకు కాస్త అటూ ఇటూగా వస్తుంది. ప్రకటనలోని లక్ష ఇదే. పెరుగుదల 8 శాతమే అయితే నిధి 75 లక్షల దగ్గర ఆగిపోతుంది. యాన్యుటీ 6 శాతమే ఇస్తే పెన్షన్ 37 వేలకు పడిపోతుంది. ఈలోగా ధరలు ఏటా 6 శాతం పెరిగాయనుకుంటే, అప్పటి 37 వేలతో కొనగలిగేది ఇవాళ ఆరున్నర వేలకు వచ్చే సరుకే. పైగా యాన్యుటీ మీద వచ్చే సొమ్ము ఆదాయపు పన్ను లెక్కలోకి వస్తుంది.

హైదరాబాద్‌లో కొలువున్న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ, గ్యారంటీ లేని రాబడి చూపించే పాలసీలకు 4 శాతం, 8 శాతం చొప్పున రెండు అంచనాలూ పక్కపక్కనే వేసి చూపమంటుంది. ఆ పట్టిక పాలసీ కాగితాల్లో ఉంటుంది. ఫోన్‌లో కనిపించే కొండల బొమ్మ కింద ఉండదు.

ఇంతకీ ఆ ప్రకటన ఎవరిని ఉద్దేశించింది? దేశంలో పనిచేస్తున్నవారిలో సగానికి పైగా స్వయం ఉపాధి మీదే బతుకుతున్నారని కేంద్రం ఏటా చేసే శ్రామికుల సర్వే చెబుతోంది. టైలరు, మెకానిక్, ఎలక్ట్రీషియన్, టిఫిన్ బండి, కిరాణా కొట్టు, బ్యూటీ పార్లర్, ట్యూషన్ మాస్టారు, పెళ్లి ఫొటోగ్రాఫర్, సొంత ఆటో నడిపేవారు. ఉద్యోగికి రిటైర్మెంటు ఒక తేదీ. దండలు, సన్మానం, గ్రాట్యుటీ చెక్కు ఉంటాయి. వీళ్లకది ఒంట్లోంచి వస్తుంది. టైలరుకు సూదిలో దారం ఎక్కదు. మేస్త్రీకి మోకాళ్లు మొరాయిస్తాయి. గిరాకీ మెల్లగా పక్క కొట్టుకు మళ్లుతుంది. అరవై రాకముందే కొట్టు కట్టేసినవాళ్లు ప్రతి బజారులోనూ ఉన్నారు. మంచు కొండలూ కాఫీ కప్పూ వీళ్లకేమీ చెప్పవు.

వీళ్ల గురించి సర్కారు ఆలోచించడం మొదలుపెట్టి పాతికేళ్లు దాటింది. సంఘటిత రంగం బయటున్నవారి వృద్ధాప్యం సంగతేమిటని ఎస్.ఎ. దవే నాయకత్వంలోని ఒయాసిస్ కమిటీ 2000లో నివేదిక ఇచ్చింది. జాతీయ పెన్షన్ వ్యవస్థ ఎన్‌పీఎస్ 2004లో ప్రభుత్వ ఉద్యోగులతో మొదలై, 2009 మే 1న అందరికీ తెరుచుకుంది. ఏడాదికి వెయ్యి రూపాయలు ప్రభుత్వం కలిపే స్వావలంబన్ 2010లో వచ్చింది. దాని స్థానంలో 2015 మేలో అటల్ పెన్షన్ యోజన వచ్చింది. 2019లో అసంఘటిత కార్మికులకు శ్రమయోగి మాన్‌ధన్, చిన్న వ్యాపారులకు మరో మాన్‌ధన్. పథకాలకు కరువు లేదు. శ్రమయోగిలో అయిదేళ్లలో పది కోట్ల మందిని చేర్చాలనుకున్నారు. చేరింది అరకోటికి అటూ ఇటూ.

అటల్ పెన్షన్ మాత్రం బాగా పాకింది. 2025 జూలై నాటికి చేరినవారు 8 కోట్లు దాటారు. పద్ధతి తేలికైనది. 18 నుంచి 40 ఏళ్ల వయసువారు బ్యాంకులోనో పోస్టాఫీసులోనో చేరవచ్చు. అరవై నిండాక నెలకు వెయ్యి నుంచి 5 వేల దాకా, ఎంత పెన్షన్ ఎంచుకుంటే అంత, ప్రభుత్వ హామీతో వస్తుంది. 5 వేల పెన్షన్ కోసం పద్దెనిమిదేళ్లప్పుడు చేరితే నెలకు 210 రూపాయలు, పాతికేళ్లప్పుడు 376, ముప్ఫైకి 577, ముప్ఫై అయిదుకు 902, నలభైకి 1,454. ఆదాయపు పన్ను కట్టేవారు 2022 అక్టోబరు నుంచి చేరడానికి వీల్లేదు. ఆలస్యం ఎంత ఖరీదో చెప్పడానికి వేరే ఉపన్యాసం అక్కర్లేదు, ఈ వరస చాలు. ప్రచారం చేసేవాళ్లు ఈ అంకెల్నే పోస్టర్ వేస్తే బాగుండేది.

కానీ చేరినవారిలో అత్యధికులు ఎంచుకున్నది 5 వేలు కాదు, వెయ్యి. కారణం కౌంటర్ దగ్గరే కనిపిస్తుంది. బ్రాంచికి టార్గెట్ ఉంటుంది. ఖాతా తెరవడానికి వచ్చిన మనిషి ముందు ఇంకో ఫారం పెడతారు. నెలకు నూట పదహారు రూపాయలే కదా, సంతకం పెట్టు తల్లీ అంటారు. ఆమె పెడుతుంది. ముప్ఫై ఏళ్ల తర్వాతి వెయ్యి, 6 శాతం ధరల పెరుగుదలతో చూస్తే, ఇవాళ్టి 175 రూపాయలంత. గ్యాస్ బండ కూడా రాదు. 5 వేలయినా ఇవాళ్టి 870 రూపాయలే. ఈ పథకంలో పెన్షన్ ధరలతో పాటు పెరగదు. ఆ మాట చేరేటప్పుడే చెప్పాలి. దానివల్ల పథకం పనికిరానిదైపోదు, ఇదొక్కటే చాలదని మాత్రం తెలుస్తుంది.

‘సర్కారు ఊరికే ఇస్తోందిగా, మేమెందుకు కట్టాలి?’ అన్న ప్రశ్న తెలుగునాట గట్టిగా వినిపిస్తుంది. న్యాయమైన ప్రశ్నే. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను 2024 నుంచి 4 వేలు. తెలంగాణ ఆసరా 2,016 రూపాయలు. అయితే అది అర్హతల జాబితా మీదా, ఖజానా మీదా, ఎన్నికల మీదా ఆధారపడే సొమ్ము. కాస్త స్థలమో కారో ఉంటే పేరు తీసేస్తారు. సాధారణంగా ఇంటికి ఒక్కటే. కొట్టు నడిపిన మనిషి పేదల జాబితాకు ఎక్కువ, పన్ను కట్టేవాడికి తక్కువ. నడుమ చిక్కుకుపోయేది ఈ వర్గమే.

మనవాళ్లు దాచుకోలేరన్న మాట నేను ఒప్పుకోను. టిఫిన్ బండి దగ్గర పది గంటల వేళ నిలబడితే తెలుస్తుంది. డైలీ ఫైనాన్స్ కుర్రాడు బైకు దిగకుండానే చెయ్యి చాపుతాడు; ఆమె గల్లాలోంచి వంద తీసి ఇస్తుంది, అతను చిన్న కార్డు మీద టిక్కు పెట్టి వెళ్లిపోతాడు. 10 వేల అప్పుకు ముందే 1,500 పట్టుకుని 8,500 చేతికిచ్చి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేసే లెక్క ఇది. ఏడాదికి చూస్తే వడ్డీ నూరు శాతం దాటుతుంది. అయినా ఆమె ఒక్కరోజు తప్పించదు. ఇంకోపక్క చీటీ కడుతుంది. రోజుకు ముప్ఫై పక్కన పెట్టమంటే పెడుతుంది, నెలాఖరుకు తొమ్మిది వందలు ఒక్కసారి తీయమంటే తీయలేదు. ఆషాఢంలో గిరాకీ పడిపోతుంది, పెళ్లిళ్ల రోజుల్లో పుంజుకుంటుంది. జీతం లెక్కన తయారైన నెలసరి కిస్తీ ఈ ఎగుడుదిగుళ్లలో తప్పుతుంది. అటల్ పెన్షన్‌లో కిస్తీ తప్పితే బకాయిలో ప్రతి వందకూ నెలకు రూపాయి అదనం. ఖాతాలో డబ్బు లేక రెండు మూడు నెలలు కట్ కాకపోతే, చాలామంది ఇక దాని జోలికే పోరు.

ఈ సంగతి కర్ణాటకలోని మణిపాల్‌కు చెందిన పాయ్ కుటుంబానికి ఎప్పుడో తెలుసు. తర్వాత సిండికేట్ బ్యాంకుగా మారిన వాళ్ల సంస్థ 1928లో పిగ్మీ డిపాజిట్ పెట్టింది. ఏజెంటు రోజూ గడప దగ్గరికే వచ్చి రెండణాలు కూడా తీసుకునేవాడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ 2009లో అభయహస్తం కింద పొదుపు సంఘాల మహిళలు రోజుకు రూపాయి, ప్రభుత్వం రూపాయి కలిపి వేసే పెన్షన్ వచ్చింది; నెలకు కనీసం 500 ఇస్తామన్నారు. సంఘం సమావేశం ఉండేది, వసూలు చేసే మనిషి ఉండేది, పక్కింటావిడ కూడా కడుతోందన్న ధైర్యం ఉండేది. అందుకే లక్షల మంది చేరారు. ప్రభుత్వాలు మారాక దాని మీద శ్రద్ధ సన్నగిల్లి కట్టినవాళ్లు తమ డబ్బు కోసం తిరగాల్సి వచ్చింది. ఏజెంట్లను నమ్మి, అధిక వడ్డీ ఆశతో అగ్రిగోల్డ్ సంస్థలో డిపాజిట్లు పెట్టి ఇరుక్కున్నవారి బాధా మనకు తెలుసు. ఇంటికొచ్చి వసూలు చేసే మనిషంటే ఇష్టమూ ఉంది, భయమూ ఉంది.

ఆన్‌లైన్ ప్రచారానికి అసలు పని ఇక్కడే ఉంది. ఇవాళ క్యూఆర్ స్టిక్కర్ లేని బండి అరుదు. రోజు గల్లాలోంచి నూటికి రెండో మూడో దానంతటదే పెన్షన్ ఖాతాకు మళ్లే ఏర్పాటు సాంకేతికంగా కష్టమేమీ కాదు. రోజుకు పది రూపాయల చొప్పున డిజిటల్ బంగారం అమ్మే యాప్‌లు ఆ పని చేసి చూపించాయి. ఆ బంగారం తన నియంత్రణలో లేదని 2025 నవంబరులో మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ హెచ్చరించాల్సి వచ్చింది. నియంత్రణ ఉన్న ఎన్‌పీఎస్‌లో నెలవారీ కిస్తీ అనే బంధమే లేదు. చేతిలో ఉన్నప్పుడు ఎక్కువ, లేనప్పుడు తక్కువ వేయవచ్చు. సొంత పని చేసుకునేవారికి ఇంతకంటే సరిపడే గుణం మరోటి లేదు. ఇల్లు, చదువు, పెళ్లి, జబ్బు వంటి అవసరాలకు మూడేళ్ల తర్వాత సొంతంగా కట్టినదాంట్లో 25 శాతం వరకు తీసుకోవచ్చు. 

అయినా ప్రకటనల్లో మోగేది పన్ను ఆదా ఒక్కటే. 50 వేల అదనపు మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవారికే. కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం దాకా పన్నే పడని టైలరుకు ఆ మాట దేనికి? పండగ నెలలో పదివేలు వేసి, ఖాళీ నెలలో ఏమీ వేయకపోయినా ఖాతా చెడదన్న మాట అతనికి కావాలి. అరవైకి చేరేసరికి నిధి మరీ చిన్నదైతే తప్ప కొంత వాటాతో యాన్యుటీ కొనక తప్పదనీ, మిగతాది చేతికొస్తుందనీ ముందే తెలియాలి. తాను ముందు పోతే ఇంట్లో మనిషికి ఏం వస్తుందో అన్నిటికంటే ముందు తెలియాలి.

ఆ ఆఖరి సంగతిలో అటల్ పెన్షన్ నిబంధన బలంగా ఉంది. భర్త పోతే అదే పెన్షన్ భార్యకు జీవితాంతం. ఇద్దరూ పోతే, 5 వేల పెన్షన్ అయితే, 8.5 లక్షలు నామినీకి. భార్యాభర్తలిద్దరూ వేర్వేరుగా చేరవచ్చు. ముప్ఫై ఏళ్ల జంటకు ఇద్దరివీ కలిపి నెలకు 1,154, రోజుకు నలభై లోపు. ఎన్నో టిఫిన్ సెంటర్లలో పిండి రుబ్బేదీ, చట్నీ చేసేదీ, లెక్క చూసేదీ ఆమె. లైసెన్సు, బ్యాంకు ఖాతా, క్యూఆర్ కోడ్ ఆయన పేరున ఉంటాయి. పెన్షన్ అమ్మదలచిన సంస్థలు మొదట ఆమె పేరున ఖాతా తెరిపించాలి. ప్రకటన ఆమెకు అర్థమయ్యే తెలుగులో ఉండాలి. ఇవాళ్టి రూపాయల్లో ఎంతో, కిస్తీ తప్పితే ఏమవుతుందో, ఎవరికి ఫోన్ చేయాలో పెద్ద అక్షరాల్లోనే ఉండాలి.