వైద్యవైఫల్యము, వైద్యనిర్లక్ష్యము

రోగి ఆసుపత్రిలో మరణించినప్పుడు బంధువులు డాక్టరే చంపినాడని ఆక్రోశింతురు. ఆ దుఃఖమును తప్పుపట్టుటకు ఎవరికిని మనసొప్పదు. అయినను న్యాయస్థానము ఫలితమును మాత్రమే చూచి దోషమును నిర్ణయింపదు. సగటు నేర్పుగల వైద్యుడు ఆ పరిస్థితిలో పాటింపవలసిన జాగ్రత్తను ఇతడు పాటించెనా, పాటింపకపోవుటచేతనే హాని కలిగెనా అని విచారించును.

ఇందులకు నేటికిని వాడుకలోనున్న కొలబద్ద 1957లో ఇంగ్లండున ఏర్పడినది. అంతకు మూడేండ్ల క్రితము, మానసిక వ్యాకులతతో ఫ్రియర్న్ ఆసుపత్రిలో చేరిన బోలం అను రోగికి కరెంటు షాకు చికిత్స జరిగెను. మెదడునకు సోకిన విద్యుత్తు మూర్ఛను పుట్టించును. మూర్ఛలో కండరములన్నియు ఒక్కపెట్టున బిగిసికొనును. ఆ బిగువును సడలించు మందు ముందుగా ఇయ్యకపోవుటచేత, రెండు తొడయెముకల తలలును తుంటిగిన్నెలను ఛేదించుకొని లోనికి చొచ్చుకొనిపోయెను. ఇంతటి ఘోరము నిర్లక్ష్యము గాక మరేమని మనకు తోచును. కాని ఆ మందువలన అరుదుగానైనను ప్రాణహాని కలుగవచ్చునని దానిని వాడని నిపుణులును, వాడితీరవలెనను నిపుణులును ఆనాడు సమానముగా గౌరవనీయులై యుండిరి. బాధ్యతగల నిపుణవర్గమొకటి సమ్మతించిన పద్ధతి ననుసరించిన వైద్యుడు, వేరొక వర్గము దానిని నిరసించినంతమాత్రమున దోషి కాడని న్యాయమూర్తి మెక్‌నైర్ జూరీకి బోధింపగా, జూరీ ఆసుపత్రి పక్షమున తీర్పు చెప్పెను.

ఈ సూత్రము వైద్యులకే తమ తప్పొప్పులను తేల్చు అధికారమును కట్టబెట్టినదని నా అభిప్రాయము. నిపుణుల సమ్మతి సైతము తర్కమునకు నిలువవలయునని 1997లో హౌస్ ఆఫ్ లార్డ్స్ చెప్పి ఆ లోపమును కొంత సవరించినది.

మన దేశమున, రుసుము పుచ్చుకొని చేయు వైద్యము వినియోగదారుల చట్టమునకు లోబడునని 1995లోను, వైద్యుని క్రిమినలు నేరస్థునిగా శిక్షించుటకు ఘోరమైన నిర్లక్ష్యము ఉండితీరవలెనని 2005లోను సుప్రీంకోర్టు నిర్ణయించినది. మనకు మరింత సమీపమైనది హైదరాబాదు ఉదంతము. 2002లో చలిజ్వరముతో ఆసుపత్రిలో చేరిన ఒక స్త్రీకి, వైడాల్ పరీక్షలో టైఫాయిడు లేదని వచ్చినను, దానికే మందులిచ్చిరి; పరిస్థితి విషమించి మరొక ఆసుపత్రికి తరలింపగా ఆమె మరణించినది; వ్యాధి మలేరియా యని అచట తేలినది. జిల్లా ఫోరము రెండు లక్షల పరిహారము విధింపగా, నిపుణుని సాక్ష్యము లేదను కారణమున పై కమిషనులు దానిని త్రోసిపుచ్చెను. తప్పు తనంత తానే కనబడుచున్నచోట నిపుణుని సాక్ష్యము అనావశ్యకమని 2010లో సుప్రీంకోర్టు పరిహారమును నిలబెట్టినది. వైద్యుని సాక్ష్యము వైద్యునిపై దొరకుట ఎంత దుర్లభమో ఎరిగినవారికి ఈ తీర్పు విలువ బోధపడును.

అట్టి వ్యాజ్యములలో ప్రధానసాక్షి కేసుషీటు: జ్వరమెంత, ఏ పరీక్షకు ఏమి వచ్చినది, ఏ గంటకు ఏ మందిచ్చిరి, ఎవరు సంతకము చేసిరి అనునవి అందుండును. దానికై రోగి గాని, రోగి అధికారమిచ్చినవారు గాని అడిగినచో 72 గంటలలో ఇయ్యవలెనని భారత వైద్యమండలి 2002 నాటి నిబంధనలు ఆదేశించుచున్నవి. అర్జీ వ్రాతమూలకముగా ఇచ్చి, అందినట్లు సంతకము పుచ్చుకొనవలెను.