లేసుపువ్వుపై చవుక కటకపు పరీక్ష

నరసాపురము, పాలకొల్లు ప్రాంతములందు లేసు అల్లిక యెరుగని వీధి యరుదు. పందొమ్మిదవ శతాబ్ది నడుమ క్రైస్తవ మతబోధకులు నేర్పిన యీ విద్య యిల్లాండ్ర చేతులలో నిలిచి, 2024వ సంవత్సరమున భౌగోళిక గుర్తింపును గూడ బడసినది. పువ్వు నల్లునది యొకతె, పువ్వులను అతుకునది వేరొకతె, అమ్మువాడు మరియొకడు. లాభములో బెద్దపాలు ఆ యమ్ము చేతికే చేరుచున్నదనియు, ఇంట గూర్చుండి చేయునది గావున స్త్రీల శ్రమ పనిగానే లెక్కకు రాకున్నదనియు మారియా మీస్ అను జర్మను విదుషీమణి 1982లో వెలువడిన తన గ్రంథమున జూపెను.

ఇప్పుడు కొందరు స్త్రీలు తమ యల్లికకు దామే ఛాయాచిత్రములు దీసి, దూరప్రాంతపు కొనుగోలుదారులకు బంపుచున్నారు. చిక్కు వచ్చుట అచ్చటనే. చిత్రమున దారపు మెలిక తేటపడనిచో జేతి యల్లికకును యంత్రపు లేసునకును భేదము కానరాదు. భేదము కానరానిచో యంత్రపు వెలకే యడుగుదురు. కావున కెమేరా కటకమెంత తేటగా జూపునన్నది మన కిచ్చట విలాసవిషయము కాదు, కూలికి సంబంధించిన విషయము.

కెమేరాతో వచ్చిన జూము కటకము చాలదా, వేలు పోసి వేరొకటి కొనవలెనా యని మమ్మడిగినవారు కలరు. వారు చెప్పునది 50 మిల్లీమీటర్ల స్థిరకటకమును గూర్చి. దగ్గరకు దూరమునకు సాగక, ఒకే నాభ్యంతరము గల లెన్సును స్థిరకటక మందుము. అంగడివారు ప్రైం లెన్సందురు. క్యానన్, నికాన్ మొదలగు సంస్థలు ఎఫ్ 1.8 రంధ్రముతో దీనిని జేయుచున్నవి. ఎఫ్ సంఖ్య చిన్నదైన కొలది రంధ్రము పెద్దదని పాఠకురాండ్రు జ్ఞాపకముంచుకొనవలెను.

ఇంత చవుకయైనది మంచిదెట్లగునని సందేహింప బనిలేదు. 1896లో జైస్ సంస్థకు జెందిన పౌల్ రుడాల్ఫ్ ప్లానార్ అను కటకమును గల్పించెను. రంధ్రమునకు ముందువెనుకల గాజుబిళ్లలను ఇంచుమించు అద్దములోని ప్రతిబింబములవలె నమర్చుటయే యందలి కిటుకు. నేటి చవుక కటకము లా సంతతివే. ఆనాడు గాజుపై పూత లేనందున వెలుతురు లోలోననే తిరిగి చిత్రము వెలవెలబోయెడిది. 1935లో అదే సంస్థలో అలెగ్జాండర్ స్మాకులా కనుగొనిన పూతతో ఆ కొరత చాలవరకు దీరినది. క్యానన్ వారి కటకము 1987లో వచ్చినప్పుడును, 1990లో ప్లాస్టిక్కు మెడతో మరింత చవుకయైనప్పుడును, 2015లో లోహపు మెడతో మరల వెలువడినప్పుడును లోపలి గాజుబిళ్ల లారే. విశేషమైన గాజు అక్కరలేకుండుటయు, విస్తారముగా దయారగుటయు నిందలి చవుకకు గారణములు.

ఇక పరీక్ష. గీతల పటములను బట్టి కటకమును దూచువారు గలరు. గణములు సరిపోయినంత మాత్రమున బద్యము కానట్లే, పటము సరిపోయినంత మాత్రమున కటకము మన పనికి సరిపోదు. మనము తీయబోవునది లేసైనప్పుడు లేసుపైననే పరీక్షింపవలెను. పైగా నింతకు మించిన పరీక్షకురాలు లేదు: తెల్లని దారము, నల్లని సందు, వెంట్రుకవాసి మెలికలు.

ముదురు నీలపు గుడ్డను పీటపై బిగించి, నడుమ నొక పువ్వును, నాలుగు మూలల నాలుగు పువ్వులను గుచ్చి, పీటను గోడకు నిలువుగా నానించుడు. కెమేరాను ట్రైపాడుపై బీట కెదురుగా దిన్నగా నిలుపుడు. పంకా నాపుడు, లేసు కదలిన దోషమును గటకముపై మోపరాదు. కిటికీ వెలుగు చాలును. ముదురు గుడ్డను జూచి కెమేరా మోసపోయి తెల్లదారమును మిక్కిలి వెలిగించి మెలికలను చెరపును గనుక, వెలుగును ఒక మెట్టు తగ్గించుడు. ఫోకసును తెరపై బెద్దది చేసి చూచి కుదిర్చి, మీట నొక్కిన రెండు క్షణములకు దీయునట్లు పెట్టుడు. ఎఫ్ 1.8, 2.8, 5.6, 16 వద్ద నొక్కొక్క చిత్రము తీయుడు.

చిత్రములను కెమేరా వెనుకనున్న చిన్నతెరపై జూచి మురియరాదు. ఒక పట్టణమున నొక యంగడివాడు మా యెరిగిన యల్లికపనియామెకు ఆ చిన్నతెరపై బిల్లవాని ముఖమును జూపియే కటకము నంటగట్టెను. మేము మా యింటివారు బడికి గొనిపోవు ల్యాప్‌టాపుపై నిండుగా బెంచి చూతుము. ఎఫ్ 1.8 వద్ద దారము చుట్టు సన్నని పొగవంటి వెలుగును, అంచుల నూదా చాయయు గనబడును. ఇది యీ జాతి స్వభావము, చెడుసరుకు గుర్తు కాదు. 2.8కి వచ్చుసరికి నడిమిపువ్వు తేటపడును. 5.6 వద్ద మూలలు గూడ నడిమిదానిని జేరవలెను. 16 వద్ద నంతయు మరల మెత్తబడును. రంధ్రము మిక్కిలి చిన్నదైనప్పుడు వెలుగు అంచున వంగి చెదరుటచే నెంత వెలగల కటకమైన నిట్లే చేయును.

5.6 వద్ద నొక్క మూలయే మసకగా నున్నచో బీటను తలక్రిందు చేసి మరల దీయుడు. మసక పీటతో బాటు తిరిగినచో దోషము పీటదే. చిత్రములో నదే మూలను విడువనిచో లోపల గాజుబిళ్ల యొరిగియున్నదని యనుమానింపవలెను. అట్టిదానిని గడువులోపల దిరిగి యిచ్చివేయుడు.

ఇప్పుడొక నిజము చెప్పవలెను. ఇంటనున్న జూము కటకమును ఎఫ్ 8 వద్ద నిదే పరీక్షకు బెట్టుడు. పీటకు బిగించిన లేసును జూపుటలో నది పెక్కుసారులు వెనుకబడదు. చాల జూములు మరింత దగ్గరకు బోగలవు గూడ. 1990 నాటి క్యానన్ కటకము 45 సెంటీమీటర్లకు లోపల జూడలేదు; 2015 నాటిది 35 వరకు వచ్చును, చిన్న సెన్సారు గల కెమేరాలో సుమారు పది, పదకొండు సెంటీమీటర్ల వెడల్పును నిండుగా జూపును. మంచము దుప్పటి నంతను దీయవలెనన్న, అదే కెమేరాతో గదిగోడకు వీపు తగిలినను సరిపోదు. ఇంతమాత్రమునకే యైనచో గొనకుడు; ఆ సొమ్ముతో ట్రైపాడు కొనుడు.

మరి స్థిరకటకము గెలుచుట యెచ్చట? కదలు చేతుల యెడ. కొక్కెపుసూది దారమును లాగు క్షణమును జూపిన చిత్రమొకటి యుండిన, ఇది చేతిపని యని వేరుగ వాదింప నక్కరలేదు. వసారాలో సాయంకాలపు వెలుగున జూము ఎఫ్ 5.6 వద్ద వ్రేళ్లను జెదరగొట్టును. ఎఫ్ 1.8 దానికంటె నించుమించు పదిరెట్లు వెలుగును లోని కిచ్చును, 2.8 నాలుగురెట్లు. మేము 2.8నే మెచ్చుకొందుము. సూదిమొనయు దారమును దేటగా నిలిచి, వెనుకనున్న వంటపాత్రలు మెత్తగా గరగిపోవును. ఈ యొక్క పనికై పెట్టిన సొమ్ము వృథా కాదని మా యభిప్రాయము.

వాడినవి కొనువారు చేతిదీపమును వెనుకనుండి వేసి లోనికి జూడవలెను. మన డెల్టా తేమకు గాజుపై బూజు సాలెగూటి పోగులవలె బ్రాకును. అట్టిది వెల సగమైనను వలదు. రంధ్రపు రేకులపై నూనె మెరసినను వలదు. ఇంటికి దెచ్చినదానిని దోలుసంచిలో మూసి బీరువాలో బెట్టక, మూత బిగువుగల ప్లాస్టిక్కు డబ్బాలో సిలికాజెల్ పొట్లములతో నుంచవలెను. పొట్లములలోని గింజలు రంగు మారినచో వంటపాత్రలలో వేడిచేయక క్రొత్తవి వేయుడు. వానకాలమున వారమున కొకమారైన వెలికి దీసి వాడుచుండిన బూజునకు దావుండదు.